నాలుగు శాతం విశ్వం, మిగిలిన తొంభై ఆరు: రిచర్డ్ పానెక్ గ్రంథంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

వేదాంత పత్రికలో ఖగోళ శాస్త్ర గ్రంథం మీద విమర్శ ఎందుకని పాఠకులు అడగవచ్చు. కారణం ఒక అంకె. విశ్వంలో మనకు తెలిసిన పదార్థం సుమారు 5 శాతమేనని, మిగిలిన 95 శాతం ఏమిటో శాస్త్రజ్ఞులకే తెలియదని చెప్పే మాట వార్తాపత్రికల నుండి తరగతి గదికి, తరగతి గది నుండి ప్రసంగ వేదికకు చేరింది. కళాశాలలో చదివే యువకుడు విశ్వాసం గురించి ప్రశ్న వేసినప్పుడు, “శాస్త్రానికే 95 శాతం తెలియదు కదా, మరి దేవుడు లేడని అది ఎలా చెప్పగలదు?” అని జవాబివ్వడం సులభం. వినడానికి అది బలమైన వాదంగానే ఉంటుంది. అయితే ఆ అంకె ఎలా పుట్టిందో, దేనిని కొలుస్తుందో తెలుసుకోకుండా దాని మీద వాదాన్ని నిలబెట్టడం ఇసుక మీద ఇల్లు కట్టడమే.

ఈ అంకెను సామాన్య పాఠకుల్లోకి తీసుకువెళ్లిన పుస్తకాల్లో అమెరికా రచయిత రిచర్డ్ పానెక్ 2011లో ప్రచురించిన ‘ది ఫోర్ పర్సెంట్ యూనివర్స్’ చెప్పుకోదగినది. ఈ వ్యాసంలో మేము మొదట ఆ పుస్తకంలోని విషయాన్ని సంగ్రహంగా పరిచయం చేస్తాం. తరువాత దాని గుణదోషాలను పరిశీలిస్తాం. చివరగా, ఆ తరువాత జరిగిన పరిశోధనలను కూడా చూసి, కాపరులు, వేదాంత విద్యార్థులు ఈ అంకెను ఎలా వాడవచ్చో, ఎలా వాడకూడదో చెబుతాం. మా వాదం ఒక్కటే. ఆ శాతం విశ్వం బరువుకు వేసిన లెక్క. ఉనికి అంతటికీ గీసిన పటం కాదు. ఈ భేదాన్ని పానెక్ తన పుస్తకానికి పెట్టిన పేరు మరుగుపరుస్తోంది. వేదిక మీది వాదం కూడా సరిగ్గా అదే పొరపాటు మీద నడుస్తోంది.

పుస్తక పరిచయం

గ్రంథం 4 భాగాలుగా, 12 అధ్యాయాలుగా సాగుతుంది. విశ్వం పుట్టుక గురించిన ఊహలు పరీక్షకు నిలిచే శాస్త్రంగా ఎలా మారాయో మొదటి భాగం చెబుతుంది. 1960లలో ప్రిన్స్టన్‌లో జిమ్ పీబుల్స్ చేసిన సిద్ధాంత కృషి, ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్‌లకు దొరికిన విశ్వ నేపథ్య వికిరణం, వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ గెలాక్సీల భ్రమణం మీద చేసిన పరిశీలనలు ఇందులో వస్తాయి. రెండవ భాగం దూరపు సూపర్నోవాలను వెదకిన రెండు బృందాల కథ. మూడవ భాగం ఆ బృందాలకు దొరికిన ఊహించని ఫలితాన్ని, దానికి ‘డార్క్ ఎనర్జీ’ అనే పేరు వచ్చిన తీరును వివరిస్తుంది. నాలుగవ భాగం కృష్ణ పదార్థపు కణాన్ని నేరుగా పట్టుకోవాలని జరిగిన ప్రయత్నాల గురించి, వాటి నిరాశల గురించి.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయని పాఠకులు మొదటే గమనించాలి. కృష్ణ పదార్థం, కృష్ణ శక్తి అన్న పేర్లు అన్నదమ్ముల పేర్లలా వినబడతాయి గాని, వాటి అవసరం వేర్వేరు దారుల్లో ఏర్పడింది. ఒకటి వస్తువులను దగ్గరకు లాగి ఉంచుతుంది. రెండవది విశ్వ విస్తరణ వేగాన్ని పెంచుతుంది. రెండింటినీ కలిపి ఒకే ‘తెలియని 96’గా చెప్పినప్పుడు ఈ భేదం పోతుంది.

కనబడని బరువు

కృష్ణ పదార్థం గురించిన వాదాన్ని సౌరకుటుంబం నుండి మొదలుపెడితే తేలిక. సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడు సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాడు. దూరాన ఉన్న నెప్ట్యూన్ సెకనుకు 5.4 కిలోమీటర్లే. బరువంతా నడుమ ఉన్న సూర్యుడిలోనే ఉంది గనుక దూరం పెరిగేకొద్దీ లాగే బలం, దానితోపాటు వేగం తగ్గుతాయి. గెలాక్సీలో కూడా కాంతి ఎక్కువగా నడిమి భాగం నుండే వస్తుంది. కాబట్టి అంచున ఉన్న నక్షత్రాలు నెమ్మదిగా తిరగాలి.

వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థలో పనిచేసిన రూబిన్, ఫోర్డ్ 1970లో ఆండ్రోమెడా గెలాక్సీ మీద తమ ఫలితాలను ప్రచురించారు. అంచు దగ్గర వేగం అనుకున్నట్టు తగ్గలేదు. 1980 నాటికి వారు, నార్బర్ట్ థోనార్డ్‌తో కలిసి, 21 గెలాక్సీలను పరిశీలించి అదే తీరును చూపారు. అంతకు చాలా ముందే, 1933లో, ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గెలాక్సీ సమూహంలో ఇలాంటి చిక్కునే గుర్తించారు. ఆ సమూహంలోని గెలాక్సీలు పరుగెత్తే వేగానికి, వాటిని చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి కనబడే పదార్థం చాలదు. 2006లో ‘బుల్లెట్ క్లస్టర్’ అనే జంట సమూహం మీద వచ్చిన ఫలితం మరొక సాక్ష్యం. రెండు సమూహాలు ఢీకొన్నప్పుడు వేడి వాయువు నడుమ చిక్కుకుంది. కాని వెనుకనున్న గెలాక్సీల కాంతి వంగిన తీరును బట్టి చూస్తే, బరువులో ఎక్కువ భాగం ఆ వాయువును దాటి ముందుకు వెళ్లిపోయింది.

దీనిని మూట కట్టిన సంచితో పోల్చవచ్చు. విప్పకుండానే సంచిని కాటా మీద పెడితే లోపల ఏముందో తెలియదు గాని ఎంత ఉందో తెలుస్తుంది. గెలాక్సీల భ్రమణం, సమూహాల కదలిక, కాంతి వంగడం, తొలినాటి వికిరణంలోని హెచ్చుతగ్గులు అనే వేర్వేరు కాటాలు దాదాపు ఒకే తూకాన్ని చూపుతున్నాయి. రూబిన్ పనిని వివరించే పుటల్లో పానెక్ ఈ తర్కాన్ని నిదానంగా, సాంకేతిక పదాల భారం లేకుండా చెప్పారు. పుస్తకంలో మాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. రూబిన్ 2016 డిసెంబరు 25న మరణించారు. నోబెల్ బహుమతి ఆమెకు రాలేదు. చిలీలో నిర్మించిన వేధశాలకు ఆమె పేరు పెట్టారు. అది తన మొదటి చిత్రాలను 2025 జూన్‌లో విడుదల చేసింది.

మసకబారిన దీపాలు

కృష్ణ శక్తి కథ వేరు. ఒకే శక్తి గల దీపాలు దగ్గరగా ఉంటే వెలుగుగా, దూరంగా ఉంటే మసకగా కనబడతాయి. మసకను బట్టి దూరం లెక్కకట్టవచ్చు. ఒక రకం సూపర్నోవాలు ఇలాంటి దీపాలుగా పనికివస్తాయి. శ్వేత కుబ్జం అనే నక్షత్రం తన బరువును పెంచుకుంటూ సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్ల హద్దును సమీపించినప్పుడు అలా పేలుతుందని వివరిస్తారు. ఆ హద్దును 1930లలో లెక్కించినది మన దేశస్థుడైన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. అది నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

సాల్ పెర్ల్‌మటర్ నాయకత్వంలో ఒక బృందం, బ్రయన్ ష్మిట్ నాయకత్వంలో మరొక బృందం ఈ దీపాలను వెదికాయి. గురుత్వాకర్షణ వల్ల విశ్వ విస్తరణ క్రమంగా మందగిస్తుండాలి. ఎంత మందగిస్తోందో కొలవాలన్నది వారి ఉద్దేశం. తీరా చూస్తే దూరపు సూపర్నోవాలు ఉండవలసిన దానికంటే మసకగా ఉన్నాయి. అంటే విస్తరణ మందగించడం లేదు, వేగం పుంజుకుంటోంది. ఆడమ్ రీస్ ప్రధాన రచయితగా ష్మిట్ బృందం 1998లో, 42 సూపర్నోవాల ఆధారంతో పెర్ల్‌మటర్ బృందం 1999లో తమ పత్రాలను ప్రచురించాయి. పానెక్ పుస్తకం వెలువడిన 2011లోనే ఈ ముగ్గురికీ భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. పీబుల్స్‌కు 2019లో వచ్చింది.

ఆట అనే చట్రం

ఇక దోషాలకు వస్తాం. రెండవ భాగంలోని మూడు అధ్యాయాలకూ ‘ఆట’ అనే మాట వచ్చేలా పేర్లు పెట్టారు. గ్రంథం ఉపశీర్షికలో ‘రేస్’ అనే మాట ఉంది. బృందాల మధ్య పోటీ, ఎవరు ముందు చెప్పారన్న వివాదం ఆసక్తిగా చదివిస్తాయి. శాస్త్రజ్ఞులు కూడా పేరు కోరుకునే మనుషులేనని చూపడంలో నిజాయితీ ఉంది. అయితే ఈ చట్రానికి ఒక ధర ఉంది. పరుగు పందెంలో ఒకరు గెలిస్తే మరొకరు ఓడుతారు. ఇక్కడ జరిగింది వేరు. ఒకరినొకరు తప్పు పట్టడానికి సిద్ధంగా ఉన్న రెండు బృందాలు, వేర్వేరు లెక్కింపు పద్ధతులతో, తామిద్దరూ ఎదురుచూడని ఒకే ఫలితానికి చేరాయి. నమ్మదగినది ఆ ఏకీభావమే. విరోధులైన సాక్షుల మాట ఒక్కటైనప్పుడు దానికి ఎంత విలువ ఉంటుందో సువార్తల చరిత్రను చదివే విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు. పానెక్ దగ్గర ఈ సమాచారమంతా ఉంది. కాని పందెపు కథ ముందుకు వచ్చి, సాక్ష్యపు తర్కం దాని వెనుక నిలబడింది.

బరువా, వాస్తవమా?

మా ప్రధాన అభ్యంతరం ఉపశీర్షికలోని చివరి మాటల మీద. ‘వాస్తవంలో మిగిలిన భాగాన్ని కనుగొనే పరుగు’ అని దానిని తెలుగులో చెప్పవచ్చు. ఇక్కడ ‘వాస్తవం’ అనే మాటను జాగ్రత్తగా చూడాలి. 4 శాతం అని లెక్క వేసినప్పుడు దేనిలో 4 శాతం? విశ్వంలోని మొత్తం పదార్థ, శక్తి సాంద్రతలో. ఐన్‌స్టీన్ సమీకరణాల్లో అంతరిక్షాన్ని వంచే, విస్తరణను నడిపే ప్రతిదానినీ ఒకే కొలమానంలోకి తెచ్చి కూడితే వచ్చే మొత్తంలో. ప్లాంక్ ఉపగ్రహ పరిశీలనల నుండి 2018లో వెలువడిన తుది ఫలితాల ప్రకారం ఇందులో మామూలు పదార్థం సుమారు 5 శాతం, కృష్ణ పదార్థం సుమారు 27 శాతం, కృష్ణ శక్తి సుమారు 68 శాతం. పుస్తకం పేరులోని 4 నేడు 5 అయిందన్నమాట.

ఈ కూడికలో బరువు లేనిదేదీ రాదు. న్యాయం ఇందులో లేదు. తల్లి దుఃఖం ఇందులో లేదు. రెండూ రెండూ కలిస్తే నాలుగు అనే సత్యం కూడా లేదు. ఇవి 5 శాతంలోనూ లేవు, 95 శాతంలోనూ లేవు. ఎందుకంటే ఆ కాటా వీటిని తూచదు. సంత కాటా మీద పాట బరువు తేలకపోతే పాట లేదని ఎవరూ అనరు. పాట కాటాకు తెలియని మూలలో దాగి ఉందనీ అనరు. బరువు లెక్కను ‘వాస్తవం’ అనడం ఒక తాత్విక నిర్ణయం. పానెక్ దానిని వాదించి నిలబెట్టలేదు, శీర్షికలో ఆకర్షణ కోసం వాడుకున్నారు. ఆ పుస్తకం ముఖచిత్రం చూసినవారికి భౌతిక శాస్త్రం ఉనికి అంతటికీ జాబితా వ్రాస్తోందని, అందులో 96 గడులు ఖాళీగా ఉన్నాయని అనిపిస్తుంది.

ఇప్పుడు వేదిక మీది వాదాన్ని దీని పక్కన పెట్టి చూద్దాం. “95 శాతం తెలియదు కనుక అక్కడ దేవునికి చోటుంది” అనేవారు ఆ జాబితాను అలాగే అంగీకరించారు. ఖాళీ గడుల్లో ఒకదాన్ని దేవునికి కేటాయించమని అడుగుతున్నారు. బరువున్న వస్తువుల పట్టికలో సృష్టికర్తను ఒక వస్తువుగా చేర్చడం ఆయనను ఘనపరచడమా? సృష్టికర్త, సృష్టి అనే భేదాన్ని మొదటి సంవత్సరం విద్యార్థికి బోధించే మనం, అంకె కనబడగానే ఆ భేదాన్ని మరచిపోకూడదు.

‘చీకటి’ అనే మాట

తెలుగులో మరొక చిక్కు ఉంది. ‘డార్క్’ అనే మాటకు కొందరు ‘కృష్ణ’ అని, కొందరు ‘చీకటి’ అని వాడుతున్నారు. పాఠ్యపుస్తకంలో ‘చీకటి పదార్థం’ అన్నా ప్రమాదం లేదు. కాని మన సంఘాల్లో చీకటి అంటే పాపం, అజ్ఞానం, దుష్టుని అధికారం. ‘చీకటి శక్తి’ అని వేదిక మీద అన్నప్పుడు వినేవారి మనసు ఖగోళం వైపు వెళ్లదు. విశ్వంలో 68 శాతం చీకటి శక్తి అంటే అధిక భాగం సాతాను వశంలో ఉందని అర్థం చేసుకునేవారు ఉంటే తప్పు వారిది కాదు.

నిజానికి కృష్ణ పదార్థం నల్లనిది కూడా కాదు. నల్లని వస్తువు కాంతిని పీల్చుకుంటుంది, అడ్డుకుంటుంది. ఇది కాంతిని పీల్చదు, వెదజల్లదు, అడ్డుకోదు. కాంతి దానిలోంచి ఆటంకం లేకుండా వెళ్లిపోతుంది. ‘పారదర్శక పదార్థం’ లేదా ‘కనబడని పదార్థం’ అనడమే దాని గుణానికి దగ్గర. ఈ వ్యాసంలో మేము వాడుకలో ఉన్న ‘కృష్ణ’ అనే మాటనే ఉంచాం. బోధించేవారు మాత్రం ‘కనబడని పదార్థం’ అనడం మంచిదని మా సూచన. ‘డార్క్ ఎనర్జీ’ విషయంలో ఆ మాట తెలియనిదానికి పెట్టిన గుర్తు మాత్రమే. 1998లో ఆ పేరును వాడుకలోకి తెచ్చిన మైకేల్ టర్నర్ జ్విక్కీ నాటి నుండి ఉన్న పేరుకు జతగా దానిని పెట్టారు. పేరు పెట్టినంత మాత్రాన వస్తువు అర్థమైనట్టు కాదు.

నెప్ట్యూన్, వల్కన్

కనబడనిదాన్ని లెక్క ద్వారా ఊహించడం ఖగోళ శాస్త్రంలో కొత్త కాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అర్బేన్ లెవెరియే యురేనస్ గమనంలోని తేడాలను బట్టి దాని ఆవల మరొక గ్రహం ఉండాలని లెక్కించారు. 1846 సెప్టెంబరులో బెర్లిన్ వేధశాలలో యోహాన్ గాలె ఆయన చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్‌ను చూశారు. అదే లెవెరియే 1859లో బుధుడి గమనంలో మరొక తేడాను ప్రకటించారు. సూర్యుడికి, బుధుడికి నడుమ కనబడని పదార్థం ఉండాలని భావించారు. ఆ ఊహా గ్రహానికి ‘వల్కన్’ అని పేరు కూడా వచ్చింది. చూశామన్నవారు కూడా ఉన్నారు. కాని అది లేదు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతం ఆ తేడాను ఏ గ్రహమూ లేకుండానే వివరించింది.

ఒకే మనిషి, ఒకే పద్ధతి. ఒకసారి లోపం మన వస్తువుల జాబితాలో ఉంది, మరొకసారి మన నియమంలో ఉంది. కృష్ణ పదార్థం నెప్ట్యూనా, వల్కనా? ఎక్కువమంది శాస్త్రజ్ఞులు మొదటిదే అంటారు. నాలుగైదు వేర్వేరు కాటాలు ఒకే తూకం చూపడం వారి బలం. మోర్దెహాయ్ మిల్‌గ్రోమ్ 1983లో గురుత్వ నియమాన్నే సవరించాలని ప్రతిపాదించారు. ఆ మార్గం గెలాక్సీల భ్రమణాన్ని చక్కగా వివరిస్తుంది గాని గెలాక్సీ సమూహాల దగ్గర కష్టపడుతుంది. కృష్ణ శక్తి విషయంలో ప్రశ్న మరింత తెరిచి ఉంది. వివరించవలసినది సిద్ధంగానే ఉంది. వివరణే ఇంకా దొరకలేదు.

2011 తరువాత

పానెక్ గ్రంథం చివరి భాగం కృష్ణ పదార్థపు కణం నేడో రేపో దొరకవచ్చన్న ఉత్కంఠ ఉన్న కాలంలో వ్రాసినది. అమెరికాలోని మినెసోటాలో పాత ఇనుప గనిలో జరిగిన సీడీఎంఎస్ ప్రయోగం 2009 డిసెంబరులో రెండు సంఘటనలను ప్రకటించింది. అవి మామూలు నేపథ్య కణాల వల్ల కూడా జరిగి ఉండవచ్చు గనుక ఆవిష్కరణ అని చెప్పలేదు. ఆ తరువాత పరికరాలు ఎంతో పెద్దవయ్యాయి. దక్షిణ డకోటాలో, ఒకప్పుడు బంగారం తవ్విన గనిలో, సుమారు 1.5 కిలోమీటర్ల లోతున ఉన్న ఎల్‌జెడ్ ప్రయోగంలో 10 టన్నుల ద్రవ జెనాన్ ఉంది. 280 రోజుల పరిశీలన ఫలితాలను 2024లో ప్రకటించినప్పుడు కూడా వెదకిన కణం జాడ లేదు. ఇలాంటి ఫలితాన్ని వైఫల్యం అనడం తేలిక. కాని ‘ఇక్కడ వెదికాం, ఇక్కడ లేదు’ అని తమ ఆశకు విరుద్ధంగా ఉన్నదాన్ని ప్రచురించడం ఈ పరిశోధనలో మేము మెచ్చుకునే గుణం.

కృష్ణ శక్తి వైపు వార్త మరింత గంభీరమైనది. ఒకప్పుడు రూబిన్, ఫోర్డ్ పరిశీలనలు చేసిన అరిజోనాలోని కిట్ పీక్ కొండ మీదే డెసీ అనే పరికరం ఉంది. అది 5,000 కాంతి తంతువులతో ఒకేసారి వేల గెలాక్సీల కాంతిని విశ్లేషిస్తుంది. 2025 మార్చిలో వెలువడిన ఫలితాల్లో ఈ బృందం సుమారు కోటిన్నర గెలాక్సీలను, క్వేజార్లను ఆధారంగా తీసుకుంది. వాటిని నేపథ్య వికిరణం, సూపర్నోవాల సమాచారంతో కలిపి చూస్తే కృష్ణ శక్తి స్థిరంగా లేదని, కాలంతో బలహీనపడుతోందని సూచన కనబడింది. ఏ సూపర్నోవా జాబితాను కలిపారన్నదాన్ని బట్టి ఆ సూచన బలం 2.8 నుండి 4.2 సిగ్మా వరకు ఉంది. ఆవిష్కరణ అని చెప్పడానికి భౌతిక శాస్త్రజ్ఞులు పెట్టుకున్న హద్దు 5 సిగ్మా. కనుక ఇది ఇంకా నిర్ధారణ కాలేదు. నిర్ధారణ అయితే, ఐన్‌స్టీన్ 1917లో ప్రవేశపెట్టిన విశ్వస్థిరాంకమే కృష్ణ శక్తి అన్న సరళమైన వివరణ నిలవదు.

లెమైత్ర్ చూపిన దారి

గ్రంథంలో మొదటి అధ్యాయానికి ఆదికాండంలోని వెలుగు ఆజ్ఞను పేరుగా పెట్టారు. మూడవ భాగం పేరు అదే అధ్యాయంలోని అగాధజలాల ప్రస్తావన నుండి వచ్చింది. రచయిత వీటిని అలంకారంగా వాడారు; వాటిలో వాదమేమీ లేదు. అయితే ఆదికాండాన్ని, ఖగోళ శాస్త్రాన్ని ఒకే వాక్యంలో చేర్చడం ఎంత సున్నితమైన పనో చెప్పే ఉదాహరణ ఒకటి సంఘ చరిత్రలోనే ఉంది.

విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్కలతో చూపిన జార్జ్ లెమైత్ర్ బెల్జియం దేశపు కాథలిక్ గురువు. విశ్వస్థిరాంకాన్ని శూన్యంలో ఉండే శక్తిగా అర్థం చేసుకోవచ్చని 1934లోనే వ్రాసినవారు కూడా ఆయనే. నేడు కృష్ణ శక్తి గురించి జరిగే చర్చకు అది నాంది. 1951 నవంబరులో 12వ పయస్ పోపు తమ సైన్సు అకాడమీ ముందు మాట్లాడుతూ, ఆధునిక ఖగోళ శాస్త్రం ఆదికాండపు వెలుగు ఆజ్ఞకు సాక్ష్యమిస్తున్నట్టుగా ప్రసంగించారు. ఆ అకాడమీ సభ్యుడైన లెమైత్ర్‌కు అది నచ్చలేదు. ఆయన తన ఆందోళనను వాటికన్ పెద్దలకు తెలియజేశారని చరిత్రకారులు చెబుతారు. 1952లో రోములో అంతర్జాతీయ ఖగోళ శాస్త్రజ్ఞుల మహాసభను ఉద్దేశించి మాట్లాడినప్పుడు పోపు ఆ వాదాన్ని మళ్లీ ఎత్తలేదు.

ఆ మహాసభలోనే మరొక సంగతి జరిగింది. గెలాక్సీల దూరాలు అంతవరకు అనుకున్నదానికి దాదాపు రెండింతలని వాల్టర్ బాడె ప్రకటించారు. దానితో విశ్వం వయసు లెక్క కూడా మారింది. ఒక సభలో అంకెలు రెండింతలు కాగల శాస్త్రం మీద సిద్ధాంతాన్ని ఆనించడం ఎంత ప్రమాదమో లెమైత్ర్‌కు తెలుసు, ఎందుకంటే ఆ అంకెలను ఆయన స్వయంగా పని చేసి ఎరుగుదురు. తన సిద్ధాంతం మత ప్రశ్నకు వెలుపల ఉందని, దేవుని నమ్మేవానికీ నమ్మనివానికీ అది సమానంగా తెరిచి ఉందని ఆయన 1958లో కూడా స్పష్టం చేశారు. ఆయన విశ్వాసం బలహీనమై అలా అనలేదు. దేవుడు సమీకరణంలో ఒక పదం కాడని ఎరిగి అన్నారు.

జర్మనీలో డీట్రిక్ బోన్‌హోఫర్ ఇదే హెచ్చరికను మరొక స్థలం నుండి చేశారు. టెగెల్ జైలులో భౌతిక శాస్త్రం మీద వైజ్‌సాకర్ వ్రాసిన పుస్తకాన్ని చదివిన తరువాత, 1944 మే 29 నాటి ఉత్తరంలో, మన జ్ఞానంలోని ఖాళీలను పూడ్చేవానిగా దేవుణ్ణి వాడకూడదని ఆయన వ్రాశారు. జ్ఞానం పెరిగేకొద్దీ అలాంటి దేవుడు వెనక్కి తగ్గుతూనే ఉంటాడన్నది ఆయన వాదం. దీనిని మన అంకెకు అన్వయించి చూడండి. రేపు ఎల్‌జెడ్ వంటి ప్రయోగంలో కణం దొరికితే తెలియనిది 95 శాతం నుండి ఒక్కసారిగా 68కి దిగుతుంది. 95 శాతం మీద ఆనుకున్న ప్రసంగాన్ని విన్న యువకుడు ఆ ఉదయం పత్రిక చదివి ఏమనుకోవాలి? అతని దేవునిలో 27 శాతం తగ్గిపోయిందా? కాపరి మాట మీద అతనికున్న నమ్మకమే ఇక్కడ పణంగా ఉంది.

ముగింపు

పానెక్ గ్రంథం చదవదగినది. శాస్త్ర పరిభాష లేని పాఠకుడికి కూడా రెండు పెద్ద ఆవిష్కరణల తర్కాన్ని అందిస్తుంది. వేదాంత కళాశాలల గ్రంథాలయాల్లో ఉండదగినది. అయితే దానిని మూడు జాగ్రత్తలతో చదవాలని మా సలహా. మొదటిది, పందెపు కథ వెనుక ఉన్న సాక్ష్యాల ఏకీభావాన్ని వెదకాలి. రెండవది, శీర్షికలోని ‘వాస్తవం’ అనే మాటను ‘బరువు’ అని మార్చుకుని చదవాలి. మూడవది, 2011 తరువాతి ఫలితాలను దానికి జోడించుకోవాలి.

‘శాస్త్రజ్ఞులకు తెలియదు’ అనే మాటను వేదిక మీద ఎగతాళిగా వాడటం మానాలని కూడా మేము కోరుతున్నాం. తెలియనిది ఎంతో శాతాల్లో చెప్పగలగడం అజ్ఞానం కాదు. కష్టపడి సంపాదించిన జ్ఞానం. రూబిన్, ఫోర్డ్ అనేక రాత్రులు కూర్చుని ఒక్కొక్క గెలాక్సీ వర్ణపటాన్ని కొలిచి తెచ్చినది అది. తమకు తెలిసినదానికి హద్దు గీసి, ఆ హద్దును అందరి ముందూ పెట్టినవారిని ఆ హద్దు కారణంగానే చిన్నబుచ్చడం న్యాయం కాదు. మన వ్యాఖ్యానాల్లో, మన సిద్ధాంత గ్రంథాల్లో మనకు తెలిసినది ఇంత, తెలియనిది ఇంత అని అంత నిక్కచ్చిగా చెప్పే అలవాటు మనకు ఎంతవరకు ఉందో కూడా ఆలోచించాలి.

ప్రశ్న వేసిన విద్యార్థికి ఇవ్వదగిన జవాబు ఇది: ఆ 95 శాతం భౌతిక శాస్త్రం వెదకవలసినది, వెదకనివ్వు, చేతనైతే నీవూ వెళ్లి వెదుకు. దొరికినది సృష్టిలో మరొక భాగమే అవుతుంది. దేవుని గురించిన ప్రశ్న ఆ 5 శాతం గురించి, ఆ 95 శాతం గురించి, వాటిని తూచడానికి కూర్చున్న మనిషి గురించి ఒకే విధంగా అడగవలసినది. దానికి జవాబు కాటా మీద దొరకదు.